తాలింపు ఘాటు, అలారం మోత

వచ్చే గురువారం థాంక్స్‌గివింగ్. మన డాలస్ చుట్టుపక్కల తెలుగిళ్ళలో ఆ రోజు టర్కీ కోడిని కాల్చేవాళ్ళు తక్కువే. బిర్యానీ వండుకుంటాం, రెండు మూడు కుటుంబాల్ని పిలుచుకుంటాం. పిల్లలు మేడమీద గేమ్‌రూమ్‌లో కొట్టుకుంటూ ఉంటారు. కింద మనం గ్రీన్‌కార్డు డేట్లు ఎంత కదిలాయి, ఏ టీవీ మీద ఎంత డీల్ ఉంది, ఏ స్కూలు జోన్‌లో ఇళ్ళ ధరలు ఎంత పెరిగాయి అని మాట్లాడుకుంటాం. రాత్రి పదకొండింటికి మిగిలిన బిర్యానీ తలా ఒక డబ్బాలో సర్దుకుని వెళ్ళిపోతాం. పండగ పేరులోనే థాంక్స్ ఉంది. అది ఎవరికి చెప్పాలన్న ఊసు మాత్రం రాదు. మా ఇంట్లోనూ వచ్చేది కాదు.

ఇవాళ మీకు ఒక తాలింపు సంగతి చెప్తాను.

2023 జనవరి. మా అమ్మ తెనాలి దగ్గర మా ఊరి నుంచి వచ్చి అప్పటికి నెల్లాళ్ళు. మా ఇంట్లో పొయ్యి పైన మైక్రోవేవ్, దాని అడుగున ఒక ఫ్యాను. పేరుకు ఎగ్జాస్ట్ ఫ్యానే. కానీ అది పొగను బయటికి పంపదు. ఒక జల్లెడలోంచి లాక్కుని మళ్ళీ మన మొహం మీదికే వదులుతుంది. ఈ దేశంలో చాలా ఇళ్ళలో ఇదే ఏర్పాటు. గుడ్డు వేయించుకుని, రొట్టెముక్క కాల్చుకుని బయటపడేవాళ్ళ కోసం కట్టిన వంటిళ్ళు. నూనె కాగాక ఆవాలు చిటపటలాడి, నాలుగు గుంటూరు ఎండుమిరపకాయలూ చిటికెడు ఇంగువా పడితే ఏమవుతుందో ఆ ఇల్లు కట్టినవాడు ఊహించి ఉండడు.

నేను ఇంటి నుంచి పనిచేస్తున్నాను. మేడమీద మీటింగులో ఉన్నాను. కింద అమ్మ దోసకాయ పప్పుకి తాలింపు పెట్టింది. ముందు కోరు వచ్చింది, దాని వెనకే పొగ అలారం. ఒకటి మోగితే అన్నీ మోగేలా తీగలు కలిపి ఉంటాయి కదా, పడగ్గదుల్లోవీ హాల్లోదీ అన్నీ అందుకున్నాయి. మ్యూట్ నొక్కి కిందికి పరిగెత్తాను. అమ్మకు అప్పుడు డెబ్భై రెండేళ్ళు. చిన్న స్టూలు ఎక్కి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో తుండుగుడ్డ పట్టుకుని అలారం కింద విసురుతోంది. స్టూలు ఊగుతోంది.

నేను స్టూలు పట్టుకోలేదు. "ఎన్నిసార్లు చెప్పానమ్మా, ముందు కిటికీ తెరిచి వెయ్యమని! మీటింగులో ఉన్నాను, అందరికీ వినపడుతోంది" అని అరిచాను. అమ్మ మెల్లిగా గోడ పట్టుకుని దిగింది. ఏమీ అనలేదు.

నాలుగు రోజుల తర్వాత రాత్రి గిన్నెలు సర్దుతూ మా ఆవిడ అడిగింది: "అత్తయ్యగారు తాలింపు వెయ్యడం మానేశారు, గమనించారా?"

గమనించలేదు. నాలుగు రోజులుగా పప్పులో లేదు, చారులో లేదు, పచ్చడిలో లేదు. నాలుక్కి కూడా తెలియని పరధ్యానంలో తిన్నాను. మర్నాడు అమ్మని అడిగితే, "ఆ గంట మోగితే నీకు చిరాకు కదా నాయనా. తాలింపు లేకపోతే ప్రాణాలేం పోవులే" అంది. ఆ చెయ్యి యాభై ఏళ్ళుగా పూటపూటా తాలింపు పెట్టింది. చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే సందు మలుపులోనే మా ఇంటి తాలింపు వాసన తెలిసేది. ఇప్పుడు నాకు చిరాకని చప్పిడి పప్పు తింటోంది.

అసలు నా కోపం తాలింపు మీదా? కాదు. ఆ జనవరిలో మైక్రోసాఫ్ట్ పదివేలమందిని, గూగుల్ పన్నెండువేలమందిని తీసేస్తున్నామని రెండు మూడు రోజుల తేడాలో ప్రకటించాయి. మా కంపెనీలోనూ జాబితా తయారవుతోందని గుసగుస. ఆ మీటింగు దాని గురించే. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులు. అరవయ్యో రోజు దాటితే ఇల్లూ, పిల్లల బడీ, కారు అప్పూ అన్నీ ఇక్కడే వదిలి పెట్టెలు సర్దుకోవాలి. ఆ భయం నెల్లాళ్ళుగా కడుపులో ఉంది. దాన్ని ఎవరి మీద అరవను? మేనేజరు మీద అరవలేను. వాషింగ్టన్‌లో ఇమ్మిగ్రేషన్ వాళ్ళ మీద అరవలేను. అరిస్తే పడేది ఒక్క అమ్మే. అందుకని తాలింపు దొరికింది.

మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి. స్నానాలగదిలో మగ్గుతో నీళ్ళు పోసుకుంటే నేలంతా తడిసిందని. తెల్లటి కౌంటరు మీద పసుపు మరక పడిందని. థర్మోస్టాట్ ఎవరు ముట్టుకున్నారని. డిష్‌వాషర్ ఉండగా అంట్లు చేత్తో ఎందుకు తోముతున్నారని. గరాజ్ తలుపు తెరిచి కూర్చున్నారని, పచ్చడి జాడీలు ఎండలో పెట్టారని, కాలనీ సంఘం, అదే హెచ్‌ఓఏ వాళ్ళు ఉత్తరం రాస్తారని. ఇవన్నీ చిన్నవే. కానీ పెద్ద భయాలన్నీ ఈ చిన్న సందుల్లోంచే బయటికొస్తాయి.

ఈ దేశంలో ఇదే మాట మీద ఒక పుస్తకం వచ్చింది, 1997లో. 'డోంట్ స్వెట్ ద స్మాల్ స్టఫ్'. రాసినవాడు రిచర్డ్ కార్ల్‌సన్, కాలిఫోర్నియా మనస్తత్వ శాస్త్రవేత్త. చిన్న విషయాలకు చెమటలు పట్టించుకోకు అని అర్థం. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. అంతకుముందు కార్ల్‌సన్ రాసిన పుస్తకం ఒకటి విదేశంలో అచ్చవుతుంటే, వేన్ డయర్ అనే పేరున్న రచయిత మెచ్చుకోలు మాట కావాలని అక్కడి ప్రచురణకర్త అడిగాడు. డయర్ పలకలేదు. ప్రచురణకర్త ఊరుకోకుండా పాత పుస్తకానికి డయర్ ఇచ్చిన మాటనే అడగాపెట్టకుండా దీని మీద వేసేశాడు. కార్ల్‌సన్‌కి చెమటలు పట్టాయి. తప్పయిపోయిందని డయర్‌కి ఉత్తరం రాశాడు. డయర్ జవాబులో కోపం లేదు. ప్రశాంతంగా బతకడానికి రెండే సూత్రాలు, చిన్నవాటికి కంగారుపడకు, రెండోది, ఉన్నవన్నీ చిన్నవే; ఆ మాట అలాగే ఉండనీ అని రాశాడు. ఆ రెండు సూత్రాలే పుస్తకానికి పేరయ్యాయి. అది దేశదేశాల్లో లక్షల్లో అమ్ముడుపోయింది.

మొదటి సూత్రంతో నాకు తగువు లేదు. రెండోదానితోనే పేచీ. అన్నీ చిన్నవే అంటే ఎలా? కార్ల్‌సన్ కాలిఫోర్నియాలో పుట్టినవాడు, ఆయనకి వీసా స్టాంపింగ్ బాధ ఎందుకు తెలుస్తుంది? ఊళ్ళో తండ్రి ఐసీయూలో ఉంటే, వెళ్తే వీసా స్టాంపింగుకి అపాయింట్‌మెంట్ దొరుకుతుందో లేదో, దొరక్క అక్కడే ఇరుక్కుపోతే ఇక్కడ ఉద్యోగం ఏమవుతుందో అని రాత్రంతా లెక్కలు వేసుకునే కొడుకు దగ్గరికి వెళ్ళి 'అన్నీ చిన్నవేనయ్యా' అనగలమా? నేను అనలేను. పెద్దవి పెద్దవే. వాటి గురించి దిగులుపడే హక్కు మనకుంది. ఆ దిగులు తీసుకెళ్ళి పప్పుగిన్నె మీద పొయ్యడానికే హక్కు లేదు.

ఈ పప్పుగిన్నె తగాదాలు మనిషిని ఎంత తింటాయో ఒకాయన లెక్కగట్టి చూశాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లాజరస్ అనే ప్రొఫెసరు, తన బృందంతో కలిసి. 1981లో ఆ పరిశోధన అచ్చయింది. రోజువారీ చిరాకులు 117 పోగేసి జాబితా రాశారు. వస్తువు ఎక్కడో పెట్టి మరచిపోవడం, ధరలు పెరగడం, ఇంటి మరమ్మతులు, పెరుగుతున్న బరువు ఇలాంటివి. వందమంది నడివయసువాళ్ళకి ఆ జాబితా నెలనెలా ఇచ్చి టిక్కులు పెట్టించారు. మనసు నలతలకు చావులూ విడాకులూ వంటి పెద్ద దెబ్బలు ఎంత కారణమవుతున్నాయో, ఈ చిల్లర చిరాకులు ఎంత అవుతున్నాయో పోల్చారు. చిల్లరవే ఎక్కువ జాడ చూపించాయి. ఆశ్చర్యమేముంది? ఏనుగు తొక్కేది ఎప్పుడో ఒకసారి, చీమలు రోజూ కుడతాయి. ఆ పరిశోధకులు సంతోషాలకూ జాబితా రాశారు. అందులో 135 ఉన్నాయి. చిరాకులకంటే పద్ధెనిమిది ఎక్కువే దొరికాయన్నమాట. ఆ సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

మా నాన్నగారి సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తికాదు. చెప్పాలని రాలేదు గానీ, తాలింపు దగ్గర మొదలుపెడితే ఇక్కడికే వస్తుంది.

అమ్మా నాన్నా కలిసి 2018లో వచ్చారు. నాన్న పంచాయతీరాజ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. దేన్నీ పారేయనివ్వడు. ఇండియన్ స్టోరులో మనం కొనే పెద్ద పెరుగు డబ్బాలున్నాయి చూడండి, అవి ఖాళీ అవగానే కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి, గరాజ్‌లో ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలువుగా పేర్చేవాడు. నాలుగు నెలలకి ఆ నిలువు నా భుజం దాకా వచ్చింది. ఒక శనివారం గరాజ్ శుభ్రం చేస్తూ మొత్తం రీసైకిల్ బిన్‌లో పడేశాను. నాన్న చూస్తూనే ఉన్నాడు. "గట్టి డబ్బాలురా, పనికొస్తాయి" అన్నాడు. "ఇది అమెరికా నాన్నా, ఇక్కడ ఎవరూ పెరుగు డబ్బాలు దాచరు" అన్నాను. ఆయన లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నాడు.

పొద్దున్నే ఇర్వింగ్‌లో గాంధీగారి విగ్రహం ఉన్న పార్కులో దింపితే, అక్కడ నడకకొచ్చే మనవాళ్ళ అమ్మానాన్నలతో కబుర్లాడి వచ్చేవాడు. ఆ విగ్రహం 2014లో పెట్టారు. పెట్టినవాళ్ళు ఏ ఉద్దేశంతో పెట్టారో గానీ, మన పెద్దవాళ్ళకి అది ఊరి రచ్చబండ అయింది. వచ్చీ రాగానే మొదలుపెట్టేవాడు: "ఇవాళ ఒకాయన కలిశాడ్రా, చీరాల ఆయన, మన పెదనాన్నతో కలిసి చదువుకున్నాడట." నేను లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అనేవాణ్ణి. మర్నాడు ఇంకొకాయన. మళ్ళీ "ఊఁ". ఆరు నెలల్లో ఎన్ని ఊఁలు కొట్టానో.

అప్పటికి నాకు తెలీదు గానీ, ఆ 'ఊఁ' మీద సియాటిల్‌లో ఒకాయన జీవితమంతా పరిశోధన చేశాడు. జాన్ గాట్‌మన్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఒక అపార్టుమెంటు ఇల్లులాగే అమర్చి, కెమెరాలు పెట్టి, 130 కొత్త జంటల్ని ఒక్కో జంటా ఒక్కో సెలవురోజు అక్కడ గడపమన్నాడు. పోట్లాడమని చెప్పలేదు, ప్రేమగా ఉండమనీ చెప్పలేదు. మామూలుగా ఉండమన్నాడు. వంట చేసుకోండి, పేపరు చదువుకోండి, కిటికీలోంచి చూడండి. అప్పుడు గమనించింది ఒక్కటే. ఒకరు 'ఇటు చూశావా, ఆ పడవ ఎంత బాగుందో' అంటే రెండోవాళ్ళు తల తిప్పి చూస్తున్నారా, లేక పేపర్లోనే ఉండిపోతున్నారా అని. ఆరేళ్ళ తర్వాత వాళ్ళనే మళ్ళీ వాకబు చేశాడు. ఇంకా కలిసి ఉన్న జంటలు ఆనాడు నూటికి 86 సార్లు తల తిప్పాయి. విడిపోయిన జంటలు 33 సార్లు.

మన భాషలో దీనికి శాస్త్రం అక్కర్లేదు. మన ఆడవాళ్ళు 'ఏవండీ, ఇది విన్నారా' అంటారు. మగవాళ్ళు 'ఇదిగో, ఒకసారి ఇలా రా' అంటారు. తల్లులు 'ఒరే, తిన్నావా' అంటారు. చీరాల ఆయన ఎవరైతే నాకేం, ఏ పెదనాన్నతో చదివితే నాకేం? నిజమే. నాన్న చెప్పాలనుకున్నది చీరాల ఆయన గురించి కాదుగా. ఈ ఊరు కాని ఊళ్ళో, నాకు తెలిసినవాణ్ణి తెలిసినవాడొకడు దొరికాడ్రా, నాకు ఇవాళ బావుంది అని. అది వినడానికి తల తిప్పితే చాలు. రెండు నిమిషాల పని.

2020 ఏప్రిల్‌లో నాన్న పోయాడు. గుండెపోటు. కరోనా కాదు, కానీ రోజులు కరోనావి. మార్చి 22 నుంచి ఇండియాకు అంతర్జాతీయ విమానాలు ఆపేశారు. మార్చి 25 నుంచి అక్కడ లాక్‌డౌన్. ఓసీఐ కార్డులున్నవాళ్ళకీ తలుపులు మూసేశారు. చిక్కుకుపోయినవాళ్ళని తీసుకెళ్ళే వందేభారత్ విమానాలు మొదలైంది మే 7న. ఆ మధ్యలో పోయినవాళ్ళ పిల్లలు ఇక్కడ ఎంతమందిమి ఉన్నామో, ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలోనే ఉంటారు కొందరు. అంత్యక్రియలకి ఇరవైమంది దాటకూడదని నియమం. మా బాబాయి కొడుకు తలకొరివి పెట్టాడు. వాట్సాప్ వీడియో పెట్టి ఫోను ఎవరో పట్టుకున్నారు. మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగిపోయింది. ఇక్కడ అర్ధరాత్రి దాటింది, పిల్లలు లేస్తారని గరాజ్‌లోకి వెళ్ళి కూర్చుని చూశాను.

అక్కడే, పనిముట్ల అరలో, ఒక పెరుగు డబ్బా కనపడింది. ఆనాడు నా చేతికి చిక్కకుండా తప్పించుకున్నది. మూత మీద నల్ల మార్కరుతో నాన్న గుండ్రటి అక్షరాలు: 'చిన్న మేకులు'. మూత తీస్తే నిజంగానే చిన్న మేకులున్నాయి. వంకరపోయినవి సుత్తితో సాపు చేసి మరీ వేశాడు.

తర్వాత ఒకరోజు కూర్చుని లెక్కవేశాను. నేను ఈ దేశం వచ్చింది 2004లో. నాన్న పోయేదాకా పదహారేళ్ళు. ఏడుసార్లు ఊరెళ్ళాను, వెళ్ళినప్పుడల్లా మూడు వారాలు, అంటే 21 వారాలు. వాళ్ళు రెండుసార్లు వచ్చారు, వచ్చినప్పుడల్లా ఐ-94 మీద ఇచ్చిన ఆరు నెలలూ ఉన్నారు. అంటే 52 వారాలు. అంతా కలిపి 73 వారాలు. పదహారేళ్ళ మీద నాన్నతో ఒకే కప్పు కింద ఉన్నది ఏడాదిన్నర కూడా కాదు. అందులో ఒక శనివారం పెరుగు డబ్బాలకి ఖర్చుపెట్టాను. మీరూ మీ లెక్క వేసుకోండి. కాగితం పెన్సిలూ చాలు, ఎక్సెల్ అక్కర్లేదు.

ఇంత జరిగాక బుద్ధి వచ్చే ఉంటుందనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. రాలేదు. నాన్న పోయిన దాదాపు మూడేళ్ళకి, అదే ఇంట్లో, అమ్మ స్టూలు మీద నిలబడి ఉంటే అరిచిన సంగతి మొదట్లోనే చెప్పాను. చావు నేర్పే పాఠం నెల్లాళ్ళు ఉంటుందేమో. ఆ తర్వాత ఆఫీసు మెయిళ్ళు వస్తాయి. అందుకే ఎవరైనా 'మా నాన్న పోయాక నేను పూర్తిగా మారిపోయాను' అంటే నాకు నమ్మబుద్ధి కాదు. మార్పు అలా ఒక్కసారిగా రాదు. ఒక్కో తాలింపు దగ్గరా మళ్ళీ మళ్ళీ తెచ్చుకోవాలి.

అలా తెచ్చుకున్నవాళ్ళు లేకపోలేదు. ఒకాయన కార్ల ముచ్చట చెప్తాను. మన మగవాళ్ళకి కార్లంటే ప్రాణం కదా. కాస్ట్‌కో పార్కింగులో పక్కవాడి తలుపు తగిలి చిన్న గీత పడితే వారం రోజులు అన్నం సహించదు. పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు చెప్పిన ర్యాండీ పౌష్ పేరు మీలో చాలామంది విన్నారు. 2007 సెప్టెంబరు 18న ఆయన ఇచ్చిన 'చివరి ఉపన్యాసం' కోట్లమంది చూశారు. క్లోమగ్రంథి కేన్సరుతో 2008 జులైలో పోయాడు, 47 ఏళ్ళకే. పెళ్ళికి ముందు ఆయన పైకప్పు తెరుచుకునే కొత్త కారు కొన్నాడు. మేనల్లుణ్ణీ మేనకోడల్నీ అందులో తిప్పడానికి వెళ్తే, అక్కగారు పిల్లల్ని పక్కన నిలబెట్టి, మామయ్య కారు కొత్తది, మురికి చెయ్యకండి అని పాఠం చెప్తోంది. ఆ పాఠం నడుస్తుండగానే ఈయన కూల్‌డ్రింకు డబ్బా తెరిచి వెనక సీట్ల మీద గుబగుబా పోసేశాడు. కారు ఒట్టి వస్తువేరా అని. ఆ వారాంతంలోనే చిన్నవాడికి జ్వరమొచ్చి ఆ సీటు మీదే వాంతి చేసుకున్నాడట. పాపం వాడు బిక్కచచ్చిపోలేదు. ఆ డ్రింకు పోసింది అందుకే పనికొచ్చింది.

పెళ్ళయ్యాక ఆయన భార్య ఒక కారుతో ఇంట్లో ఉన్న రెండో కారును గుద్దింది. అంటే రెండూ సొట్టలే. భర్తకు మంచి భోజనం వండి పెట్టి, ఆ భోజనం దగ్గర నెమ్మదిగా చెప్పింది. ఆయన, పోనీలే, సొట్టలే కదా, అన్నీ బాగుచేయించక్కర్లేదు అన్నాడు. ఆ సొట్టలతోనే తిరిగారు. ఇది చదివినప్పుడు నాకు ఆయన మంచితనం కంటే, ఆమె వండిపెట్టిన భోజనమే ఎక్కువ గుచ్చుకుంది. అంత మంచి మొగుడికి కూడా ఒక సొట్ట సంగతి చెప్పడానికి ఆమె సాయంత్రం దాకా ఆగింది. మన ఇళ్ళలో ఎన్ని సొట్టలు చెప్పకుండా ఆగిపోయాయో మరి.

ఇక కార్ల్‌సన్ దగ్గరికి మళ్ళీ వస్తాను. 2006 డిసెంబరు 13. కొత్త పుస్తకం ప్రచారానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్ వెళ్ళే విమానమెక్కాడు. విమానం దిగుతుండగా ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడి, సీట్లోనే ప్రాణం పోయింది. 45 ఏళ్ళు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఫోను చేసే వ్యవధి లేదు.

అయితే ఆయన అంతకు ముందే ఒక పని చేసి పెట్టాడు. ఒక్క గంటే బతుకు మిగిలి, ఒక్కరికే ఫోను చేసే వీలుంటే ఎవరికి చేస్తావు, ఏమంటావు, మరి ఇప్పటిదాకా ఎందుకు ఆగావు అని స్టీఫెన్ లెవిన్ అనే రచయిత వేసిన ప్రశ్న ఒకటుంది. దానికి జవాబుగా పద్ధెనిమిదో పెళ్ళిరోజుకి భార్యకి ఉత్తరం రాసి కానుకగా ఇచ్చాడు. ఆమె దాన్ని దాచుకుంది. ఆయన పోయాక, తన జవాబు కూడా చేర్చి పుస్తకంగా వేసింది. అన్నీ చిన్నవే అన్న మనిషి భార్యకి ఉత్తరం రాయడాన్ని మాత్రం చిన్న పనుల్లో వెయ్యలేదు. అందువల్లే ఆయనతో నా పేచీ సగం మాఫీ చేశాను.

మనవాళ్ళలో భార్యకి ఉత్తరం రాసి ఇచ్చేవాడు ఎవడు? నేను రాస్తే మా ఆవిడ ముందు నా నుదురు పట్టుకుని చూస్తుంది. మన ఇళ్ళలో థాంక్స్ అనే మాటకి చోటు లేదు. ధన్యవాదాలు సభల్లో వందన సమర్పణ చేసేవాళ్ళది. కృతజ్ఞతలు పుస్తకం ముందు పేజీలో అచ్చువేసేవి. కన్నతల్లికి 'థాంక్సమ్మా' అంటే "ఏమిట్రా, పరాయివాడిలా" అంటుంది. అది లోపం అనుకోను నేను. థాంక్స్ అంటే బాకీ తీర్చేసినట్టు, ఖాతా మూసేసినట్టు. ఇంట్లోవాళ్ళ దగ్గర ఖాతా మూయకపోవడమే మర్యాద అనుకున్నారు మన పెద్దలు. కానీ ఆ మర్యాద చాటున మనం అసలేమీ చెప్పకుండా తప్పించుకుంటున్నాం. కోపం వస్తే మాత్రం మాటలు వెతుక్కోనక్కర్లేదు, తెలుగులో బోలెడున్నాయి.

ఈ థాంక్స్‌గివింగ్‌ని లింకన్ దేశమంతటికీ పండగగా ప్రకటించింది 1863లో. అంతర్యుద్ధం ముమ్మరంగా సాగుతోంది, గెటిస్‌బర్గ్‌లో వేలమంది చచ్చిపోయి నాలుగు నెలలు కాలేదు. అంత పెద్ద కష్టం నెత్తిమీద ఉండగా ఒక రోజు ఆగి మంచిని లెక్కపెట్టుకుందాం అన్నాడాయన. కష్టం చిన్నదని అనలేదు.

తాలింపు సంగతి ఏమైందో చెప్పలేదు కదూ. అమ్మని అడిగిన ఆ వారం శనివారమే నలభై డాలర్లు పెట్టి ఒక కరెంటు పొయ్యి కొని వెనక ప్యాషియో మీద పెట్టాను. జనవరి చలి. అమ్మ స్వెట్టరు, మేజోళ్ళు, మంకీ క్యాపు వేసుకుని బయట నిలబడి తాలింపు పెట్టేది. నేను పప్పుగిన్నె పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. చుంయ్‌మని దాంట్లో పొయ్యగానే మూత పెట్టి ఇద్దరం లోపలికి పరుగు. పక్కింటివాళ్ళ కుక్క రెండుసార్లు తుమ్మి, తర్వాత అలవాటుపడింది. ఆ తర్వాత అమ్మ ఉన్న నాలుగు నెలల్లో తనతో నేను ఎక్కువ మాట్లాడింది ఆ ప్యాషియో మీదే. ఉద్యోగం? ఆ విడతలో పోలేదు. పోయి ఉంటే ఈ ప్రసంగం ఇంత తీరిగ్గా రాసేవాణ్ణి కాదు, అదీ ఒప్పుకుంటాను.

ఇప్పుడు డాలస్‌లో ఆదివారం ఉదయం పది కావస్తోంది. మన ఊళ్ళలో రాత్రి తొమ్మిదిన్నర. ఇంకో అరగంటలో పక్కలెక్కుతారు. ఫోను చెయ్యండి. థాంక్స్ అనకండి, నీకేం రోగమొచ్చిందిరా అని భయపడతారు. పప్పుకి తాలింపులో ఇంగువ ముందు వెయ్యాలా, మిరపకాయ ముందు వెయ్యాలా అని అడగండి. అడిగి, జవాబు పూర్తయ్యేదాకా 'ఊఁ' కొట్టకుండా వినండి. రేడియో ఆపేసినా నేనేమీ అనుకోను.